డెలివరీ సూపర్‌వైజర్ పని చేస్తూ బిజినెస్ మేనేజ్‌మెంట్ చదవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కొన్నేళ్ళు డెలివరీ హబ్‌లో, అంటే పార్సిళ్ళు వచ్చి రైడర్ల చేతికి వెళ్ళే చోట, పనిచేశాను, మొదట రైడర్‌గా, తర్వాత సూపర్‌వైజర్‌గా. ఆ ఉద్యోగం చేస్తూనే బిజినెస్ మేనేజ్‌మెంట్ చదివాను. అప్పటి నుంచి ఇదే పనిలో ఉన్నవాళ్ళు ఫోన్ చేసి అడిగే సందేహాలు ఇంచుమించు ఒకేలా ఉంటున్నాయి. ఎవరికి వాళ్ళకు చెప్పేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్నాను, అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుందో అక్కడికి వెళ్ళిపోండి.

## చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

పొద్దున బళ్ళు పంపడం, సాయంత్రం లెక్క చూసుకోవడం, ఇదే నా పని. దీన్ని మేనేజ్‌మెంట్ అనుభవం అంటారా?

అంటారు. మామూలు ఉదయం ఒకటి తీసుకోండి. ఇద్దరు రైడర్లు రాలేదు, సరుకు తెచ్చే పెద్ద బండి నలభై నిమిషాలు లేటు, వచ్చిన లోడు నిన్నటికంటే ఎక్కువ. మీరు నిలబడ్డ చోటే నాలుగు నిర్ణయాలు తీసుకుంటారు: ఏ రూటును రెండు ముక్కలు చేయాలి, అదనపు సంచి ఎవరికిస్తే మోయగలడు, ఏ పార్సిళ్ళు రేపటికి ఆగినా కొంప మునగదు, ఏ కస్టమర్‌కు ముందే ఫోన్ చేయాలి. కెపాసిటీ ప్లానింగ్, ప్రాధాన్యాలు పెట్టుకోవడం, మనుషుల్ని ఒప్పించడం, కస్టమర్‌తో సంబంధం, అన్నీ ఇందులోనే ఉన్నాయి. పుస్తకంలో ఇవి వేర్వేరు అధ్యాయాలు, హబ్‌లో పావుగంటలో అన్నీ కలిసి మీద పడతాయి.

నాకు బాధ కలిగించేది ఏమిటంటే, ఇంత పని చేసేవాళ్ళు కూడా ఎవరైనా అడిగితే "డెలివరీ చూసుకుంటానండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. రోజంతా వసూలైన నగదు మీ సంతకం మీద వెళ్తుంది, ఇరవై ముప్పై మంది రోజు ఎలా గడుస్తుందో మీరు వేసే రోస్టర్ (ఎవరికి ఏ రోజు ఏ షిఫ్టు అనే పట్టిక) మీద ఆధారపడి ఉంటుంది. అది బాధ్యత, ఆ పేరుతోనే చెప్పండి.

చదువు వదిలేసి పదేళ్ళయింది, లెక్కలంటే భయం. నావల్ల అవుతుందా?

అవుతుంది. మొదటి ఏడాదికి కావాల్సిన లెక్కలు ఇవి: శాతాలు, నిష్పత్తులు, సగటు, సగటు నుంచి అంకెలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్, ఒకటి రెండు తెలియని రాశులున్న సమీకరణాలు, గ్రాఫ్ చదవడం. వీటిలో సగం మీరు రోజూ నోటితో చేస్తున్నవే. "నూట ఇరవైలో పద్నాలుగు వెనక్కొచ్చాయి" అనగానే ఈ రోజు బాగాలేదని మీకు తెలిసిపోతుంది, అది శాతమే కదా.

చేరడానికి మూడు నెలల ముందు నుంచి రోజూ అరగంట స్ప్రెడ్‌షీట్ నేర్చుకోండి. కూడికలు, సగటులు, షరతు పెట్టి లెక్కించడం, డేటాను గుంపులుగా కూడి చూపించే పివట్ టేబుల్, ఇంతవరకు వస్తే చాలు. హబ్‌లో అలవాటైన రకం డేటాతోనే సాధన చేస్తే ఆ అంకెలకు ముఖాలు ఉంటాయి, అందుకని త్వరగా బుర్రకెక్కుతుంది.

డిగ్రీ, డిప్లొమా, ఎంబీఏ, ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ... ఇన్నింటిలో నాకేది సరిపోతుంది?

మీ దగ్గర ఇప్పుడు ఏముందో దాన్నిబట్టి ఉంటుంది. డిగ్రీ లేకపోతే బిజినెస్ మేనేజ్‌మెంట్‌లో బ్యాచిలర్స్ లేదా డిప్లొమా మొదటి మెట్టు. పని అనుభవాన్నే కొంత చదువు కింద లెక్కగట్టే పద్ధతి కొన్ని విద్యాసంస్థల్లో ఉంది, ఫారం నింపేముందు ఆ మాట సూటిగా అడగండి. డిగ్రీ ఉండి, మూడు నాలుగేళ్ళు సూపర్‌వైజర్‌గా చేసి ఉంటే ఎంబీఏ. ఉద్యోగం మానలేని పరిస్థితి అయితే పార్ట్‌టైమ్ లేదా ఆన్‌లైన్.

ఎంబీఏ అనే డిగ్రీని హార్వర్డ్ 1908లో మొదలుపెట్టింది. ఉద్యోగం చేసేవాళ్ళ కోసమే ప్రత్యేకంగా ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ షికాగో విశ్వవిద్యాలయంలో 1943లో వచ్చింది. అంటే పని మానకుండా చదవడమనేది నిన్న మొన్న పుట్టిన సర్దుబాటు కాదు, దానికి ఎనభై ఏళ్ళు దాటాయి. కాకపోతే ఎగ్జిక్యూటివ్ కోర్సులు ఎక్కువగా పెద్ద హోదాల్లో చాలాకాలం ఉన్నవాళ్ళను ఉద్దేశించినవి, ఖర్చు కూడా ఎక్కువ. సూపర్‌వైజర్ స్థాయిలో ఉన్నవాళ్ళకు పార్ట్‌టైమ్ ఎంబీఏ మేలని నా అభిప్రాయం.

ఎక్కడ చేరినా గుర్తింపు చూసుకోండి. మీ దేశంలో డిగ్రీలకు అధికారిక గుర్తింపు ఇచ్చే సంస్థ జాబితాలో ఆ కాలేజీ ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. ఏఏసీఎస్‌బీ, ఈక్విస్, అంబా లాంటి అంతర్జాతీయ గుర్తింపులు ఉంటే మంచిదే, కానీ అధికారిక గుర్తింపు లేకుండా అవి మాత్రం చూసి చేరకండి.

మొత్తం మేనేజ్‌మెంట్ ఎందుకు, సప్లై చైన్ మీద చిన్న సర్టిఫికెట్ కోర్సు చాలదా?

లాజిస్టిక్స్‌లోనే ఉండి ఒక మెట్టు ఎక్కాలనుకుంటే చాలు. నిజానికి ముందు అలాంటి చిన్న కోర్సు ఒకటి చేసి చూడమనే చెప్తాను, షిఫ్టు చేసి వచ్చి చదవగలరో లేదో మీకే తెలుస్తుంది. ఫైనాన్స్ వాళ్ళు మీ బడ్జెట్ ఎందుకు కోశారో, మార్కెటింగ్ వాళ్ళు సేల్ ఆ వారమే ఎందుకు పెట్టారో అర్థం చేసుకుని వాళ్ళ ముందు కూర్చుని మాట్లాడాలంటే మాత్రం మిగతా సబ్జెక్టులు కూడా కావాలి.

## దరఖాస్తు, ఇంటర్వ్యూ

రెజ్యూమేలో "30 మంది రైడర్లను చూసుకున్నాను" అని తప్ప ఏం రాయాలో తోచడం లేదు.

ఆ వాక్యం చదివినవాళ్ళకు మీరు ఏం మార్చారో తెలియదు. ప్రతి పనికీ మూడు ముక్కలు రాయండి: ముందు ఎలా ఉంది, మీరు ఏం చేశారు, తర్వాత ఏమైంది. ఇలా అన్నమాట: "మొదటి ప్రయత్నంలోనే డెలివరీ అయ్యేవి నూటికి 81 ఉండేవి. పార్సిల్ తిరిగొచ్చిన ప్రతిసారీ కారణం రాయించి, తప్పు అడ్రసులున్నవాటికి ముందురోజు సాయంత్రమే ఫోన్ చేయించాను. నాలుగు నెలల్లో 89కి వచ్చింది." ఈ అంకెలు ఉదాహరణకు రాసినవి, మీవి మీరు తీయండి.

సరిగ్గా ఇక్కడే చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే పాత అంకెలు ఎవరి దగ్గరా ఉండవు. అందుకని ఈ రోజే ఒక నోటుబుక్కు మొదలుపెట్టండి. రోజూ నాలుగు ముక్కలు రాస్తే చాలు: ఎన్ని బయటకు వెళ్ళాయి, ఎన్ని చేరాయి, ఎన్ని తిరిగొచ్చాయి, ఈ రోజు మామూలుగా కాకుండా ఏం జరిగింది. నా నోటుబుక్కు మూలలు వానకు తడిసి ఉబ్బిపోయాయి, కొన్ని పేజీల్లో సిరా అలికిపోయింది, అయినా ఇంటర్వ్యూకు తయారైంది దాంతోనే. కంపెనీ పేరుతో ఉన్న రిపోర్టులు ఇంటికి తెచ్చుకోవద్దు, మీ పనితీరు గురించిన మొత్తం అంకెలు గుర్తుంచుకుంటే సరిపోతుంది.

"మీరు చేసిన ఒక తప్పు చెప్పండి" అంటే ఏం చెప్పాలి? చెబితే సీటు పోతుందేమో?

నిజమైనదే చెప్పండి. "నేను ఎక్కువ కష్టపడతాను, అదే నా లోపం" లాంటి మాటలు విని విని వాళ్ళకు విసుగొచ్చి ఉంటుంది.

నేను చెప్పింది ఇది. అందరికీ సమానంగా ఉండాలని రోజూ తలా అరవై పార్సిళ్ళు పంచేవాణ్ణి. ఒకబ్బాయి మాత్రం రోజూ చీకటి పడ్డాకే తిరిగొచ్చేవాడు, మిగతావాళ్ళు సాయంత్రానికల్లా వచ్చేసేవాళ్ళు. బద్ధకమనుకుని ఒకరోజు అందరి ముందూ గట్టిగా అన్నాను. అతను ఎదురు మాట్లాడలేదు, జేబులోంచి ఫోన్ తీసి బండి మీటరు ఫొటోలు రెండు చూపించాడు, పొద్దున తీసింది ఒకటి, అప్పుడు తీసింది ఒకటి. తర్వాత కూర్చుని లెక్క చూస్తే, త్వరగా వచ్చే ఒకతని అరవై పార్సిళ్ళూ తొమ్మిది గేట్లలో ఉన్నాయి, ఇతనివి యాభై రెండు గేట్లలో. నేను పార్సిళ్ళు లెక్కపెట్టాను, ఆగాల్సిన చోట్లు లెక్కపెట్టలేదు. మర్నాడు అదే అందరి ముందూ క్షమాపణ చెప్పి, పంపకం స్టాపుల లెక్కకు మార్చాను.

తప్పు ఏమిటి, ఎవరికి నష్టం జరిగింది, దాన్ని ఎలా కనిపెట్టారు, ఏం మార్చారు, ఈ నాలుగూ ఉంటే సీటు పోదు. ఎవరో చేసిన తప్పును మీదని చెప్పుకున్నా, మీ తప్పును రైడర్ల మీదకు నెట్టినా వినేవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది.

ఎంబీఏ ప్రవేశ పరీక్ష జీమ్యాట్ రాయాల్సిందేనా?

అన్నిచోట్లా అడగరు. పని అనుభవం ఉన్నవాళ్ళకు మినహాయింపు ఇచ్చే కాలేజీలున్నాయి, దాని బదులు జీఆర్‌ఈ అనే ఇంకో ప్రవేశ పరీక్ష స్కోరు తీసుకునేవీ ఉన్నాయి. 2023 చివర్లో మొదలైన కొత్త రూపంలో జీమ్యాట్ 2 గంటల 15 నిమిషాలు, మూడు విభాగాలు, మొత్తం 64 ప్రశ్నలు, స్కోరు 205 నుంచి 805 వరకు. మూడింటిలో డేటా ఇన్‌సైట్స్ అనే విభాగం మనలాంటివాళ్ళకు కలిసొస్తుంది. పట్టికలు, గ్రాఫులు ఇచ్చి ఏ సమాచారం సరిపోతుంది, ఏది సరిపోదు అని అడుగుతారు, సాయంత్రం పెండింగ్ షీటు ముందు కూర్చుని మనం చేసేది అలాంటిదే. ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునే విభాగానికే ఎక్కువ టైమ్ కేటాయించండి.

సిఫారసు లేఖ ఎవరి దగ్గర తీసుకోవాలి?

పెద్ద హోదా ఉండి మీ ముఖం గుర్తులేని ఆఫీసరు కంటే మీ షిఫ్టు కళ్ళారా చూసిన హబ్ మేనేజర్ మేలు. అడిగేటప్పుడే మీరు చేసిన రెండు మూడు పనులు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.

## క్లాసులు మొదలయ్యాక

ఆపరేషన్స్ క్లాసులో చెప్పేవి నాకు ముందే తెలుసనిపిస్తోంది. కొత్తగా ఏం నేర్చుకుంటాను?

నాకూ మొదటి వారం అలాగే అనిపించింది. రెండో వారం లిటిల్ సూత్రం చెప్పారు. జాన్ లిటిల్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1961లో దీనికి రుజువు ప్రచురించాడు. విషయం చాలా చిన్నది: ఒకచోట సగటున ఎన్ని ఉంటాయన్నది, గంటకు ఎన్ని వస్తున్నాయి, ఒక్కోటి ఎంతసేపు ఉంటోంది అనే రెండు అంకెల గుణకారం. గంటకు 240 పార్సిళ్ళు వచ్చి, ఒక్కోటి సగటున అరగంట నేల మీద ఉంటే, ఏ క్షణంలో చూసినా సగటున 120 పార్సిళ్ళు అక్కడ ఉంటాయి. మీ దగ్గర 90కే చోటుందనుకోండి. రాక తగ్గదు కాబట్టి, ఒక్కో పార్సిల్‌ను 22 నిమిషాల 30 సెకన్లలో కదిలించాల్సిందే.

నేను రెండేళ్ళపాటు "చోటు చాలడం లేదు, పెద్ద షెడ్ ఇవ్వండి" అని అడుగుతూ వచ్చాను. ఈ ఒక్క గుణకారం చూశాక తెలిసింది, నేను అడగాల్సింది ఇంకో స్కానరు, సార్టింగ్ దగ్గర ఇంకో మనిషి. తెలిసినదాన్నే లెక్కతో చూసినప్పుడు మన అంచనా ఎక్కడ గురి తప్పిందో బయటపడుతుంది, కొత్తగా నేర్చుకునేది అదే.

మనుషుల్నీ బళ్ళనూ నూటికి నూరు శాతం వాడుకోవాలని పైవాళ్ళు అంటారు. క్లాసులో మాత్రం అది తప్పంటున్నారు. ఎవరు కరెక్ట్?

క్లాసులో చెప్పిందే. పొద్దున రైడర్లు బయల్దేరేముందు సంచి స్కాన్ చేసి పంపే కౌంటరు ఒకటి ఉందనుకోండి, ఒక్కొక్కరికి సగటున 3 నిమిషాలు. రైడర్లు రావడం, స్కాన్‌కు పట్టే టైమ్ రెండూ హెచ్చుతగ్గులుగా ఉంటే, క్యూల సిద్ధాంతంలోని అతి సాధారణమైన నమూనా ప్రకారం, ఆ కౌంటరు 80 శాతం సమయం పనిలో ఉన్నప్పుడు సగటు నిరీక్షణ 12 నిమిషాలు. 90 శాతానికి వెళ్తే 27 నిమిషాలు. 95 శాతానికి 57 నిమిషాలు. చివరి అయిదు శాతం కోసం అరగంట అదనంగా పోయింది చూడండి.

ఖాళీగా కనిపించే ఆ కాస్త సమయమే ఆలస్యాల్ని మింగేస్తుంది. ఈ పట్టికను ఒక కాగితం మీద వేసి మా మేనేజర్‌గారికి చూపించాను, "కౌంటరు దగ్గర మనిషి ఊరికే నిలబడ్డాడు" అనే మాట మళ్ళీ రాలేదు.

రూటు సంగతి రైడర్లకే బాగా తెలుసు. దానికి కూడా థియరీ ఎందుకు?

పది స్టాపులను ఎన్ని వరసల్లో తిరగొచ్చో తెలుసా? 36,28,800. పదిహేను స్టాపులైతే లక్ష కోట్లు దాటిపోతుంది. అన్నీ వేసి చూసి అతి చిన్న దారి తేల్చడం కుదరదు, అందుకే తగినంత మంచి దారిని త్వరగా కనుక్కునే పద్ధతులు వచ్చాయి. 1959లో డాంట్‌జిగ్, రామ్‌సర్ అనే ఇద్దరు పెట్రోలు ట్యాంకర్లను బంకులకు పంపే సమస్యను లెక్కగా రాశారు, 1964లో క్లార్క్, రైట్ ఇంకో పద్ధతి ఇచ్చారు: రెండు స్టాపులను ఒకే ట్రిప్పులో కలిపితే ఎంత దూరం ఆదా అవుతుందో చూసి, ఎక్కువ ఆదా ఉన్నవాటిని ముందు కలపడం. రూటింగ్ సాఫ్ట్‌వేర్ వెనక ఉన్న ఆలోచనల్లో ఇవి కూడా ఉన్నాయి.

అయితే ఆ సందులో మధ్యాహ్నం బడి వదిలే వేళకు బండి కదలదని, ఫలానా గేటు వాచ్‌మన్ రెండింటి తర్వాతే లోపలికి పంపుతాడని సాఫ్ట్‌వేర్‌కు ఎవరూ చెప్పరు. థియరీ తెలిస్తే ఆ విషయాన్ని షరతుగా ఎలా పెట్టాలో మీకు తెలుస్తుంది. రైడర్ "ఈ రూటు కుదరదు సార్" అన్నప్పుడు ఎందుకని అడిగి, ఆ కారణాన్ని రాసి పెట్టుకోగల మనిషి మీరే.

అకౌంటింగ్ ఒక్క ముక్క ఎక్కడం లేదు. మొదట ఏం పట్టుకోవాలి?

ఖర్చులు ఎలా కదులుతాయో పట్టుకోండి, డెబిట్లూ క్రెడిట్లూ ఆ తర్వాత. షెడ్ అద్దె పార్సిళ్ళు పెరిగినా తగ్గినా మారదు, అది స్థిరమైన ఖర్చు. డెలివరీకి ఇంతని ఇచ్చే కమిషన్ పార్సిళ్ళతోపాటే పెరుగుతుంది, అది మారే ఖర్చు. మూడోది మెట్లు మెట్లుగా పెరిగేది: బండిలో 80 పట్టినంతవరకు ఒక్కటే బండి, 81వ పార్సిల్ వచ్చిందంటే రెండో బండి కావాలి. సేల్ రోజుల్లో పని బోలెడంత జరిగినా లాభం ఎందుకు కనబడదో ఆ 81వ పార్సిల్ దగ్గరే అర్థమైంది నాకు.

తర్వాతది, చేరిన ప్రతి పార్సిల్‌కూ పడే ఖర్చు. ఒక్కో ప్రయత్నానికి ఖర్చు ఒకటే అనుకుని, నూటికి 90 మొదటిసారి చేరుతుంటే, తిరిగొచ్చినవి మళ్ళీ అదే అవకాశంతో వెళ్తుంటే, ఒక్కోటి చేర్చడానికి సగటున 1.11 ప్రయత్నాలు పడతాయి. 80 అయితే 1.25. ఇంధనం మీద పొదుపు చేయమని వెంటపడేవాళ్ళకు ఈ లెక్క చూపించండి, తప్పు ఫోన్ నంబరు సరిచేయించడంలో ఎంత పొదుపు ఉందో వాళ్ళకే కనిపిస్తుంది.

మోటివేషన్ థియరీలు నిజంగా రైడర్ల దగ్గర పనికొస్తాయా?

కొన్ని వస్తాయి, అయితే అవి ఎవరిని చూసి రాసినవో గమనించండి. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1959లో ప్రకటించిన అధ్యయనం సుమారు 200 మంది ఇంజనీర్లు, అకౌంటెంట్లతో మాట్లాడి చేసింది. జీతం, పని పరిస్థితులు బాగాలేకపోతే అసంతృప్తి కలుగుతుంది, అవి బాగున్నంత మాత్రాన ఉత్సాహం రాదు, ఉత్సాహం గుర్తింపు నుంచి, సాధించామనే భావన నుంచి వస్తుంది అన్నది సారాంశం. నెల జీతం భద్రంగా ఉన్నవాళ్ళ విషయంలో అది నిజమే కావచ్చు. డెలివరీకి ఇంతని బతికే మనిషికి డబ్బు, ఎండపూట కాసేపు నీడలో కూర్చునే చోటు, తాగునీళ్ళు, టైర్ పంక్చరైతే ఎవరు డబ్బిస్తారన్న భరోసా, ఇవన్నీ అయ్యాకే ఈ నెల ఉత్తమ రైడర్ ఫొటో. వరస మార్చి ఫొటో ముందు పెట్టిన హబ్‌ను చూశాను, ఆ ఫొటోలో ఉన్న కుర్రాడే నెల తిరక్కుండా మానేశాడు.

మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ డగ్లస్ మెక్‌గ్రెగర్ 1960లో చెప్పిన ఎక్స్, వై థియరీలు మాత్రం నాకు బాగా ఉపయోగపడింది. మనుషులు సహజంగా పని ఎగ్గొడతారని నమ్మే మేనేజరు ఒక రకం, అది ఎక్స్. బాధ్యత ఇస్తే తీసుకుంటారని నమ్మే మేనేజరు ఇంకో రకం, అది వై. మీరు వేసే రూల్స్ ఏ నమ్మకం నుంచి పుడుతున్నాయో ఒకసారి రాసి చూసుకోండి.

మార్కెటింగ్, సర్వీస్ సబ్జెక్టులతో నాకేం పని?

కస్టమర్ ఎవరి గొంతు వింటాడు? మీ హబ్‌దే. డేవిడ్ మెయిస్టర్ అనే మేనేజ్‌మెంట్ నిపుణుడు 1985లో ఎదురుచూపుల గురించి రాస్తూ, కారణం చెప్పని ఎదురుచూపు, ఎంతసేపో తెలియని ఎదురుచూపు ఉన్నదానికంటే పొడుగ్గా అనిపిస్తాయన్నాడు. దాన్ని చదివాక మేం చేసిన మార్పు ఒక్కటే. "వస్తుందండి" అనే మాట మాన్పించి, "బండి లేటు, సాయంత్రం అయిదు, ఏడు మధ్య వస్తుంది" అని చెప్పించాం. పార్సిల్ అంతకుముందు కంటే త్వరగా ఏమీ రాలేదు, కోపంగా వచ్చే ఫోన్లు మాత్రం బాగా తగ్గాయి.

అసైన్‌మెంట్‌లో మా కంపెనీ డేటా వాడొచ్చా?

రాతపూర్వకంగా అనుమతి ఉంటేనే. ఉన్నా సరే కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, అడ్రసులు, రైడర్ల పేర్లు ఎక్కడా ఉండకూడదు. స్క్రీన్‌షాట్లు అసలే వద్దు. అనుమతి రాకపోతే, సమస్య ఆకారం ఉంచి అంకెలు మార్చి, "ఊహించిన అంకెలు" అని స్పష్టంగా రాయండి.

అనుభవంతో రాస్తే సరైన జవాబే అవుతుంది, కానీ మార్కులు తక్కువ వస్తున్నాయి. ఎందుకు?

నాకు మొదటి సెమిస్టర్‌లో ఇదే జరిగింది. కేసులో, అంటే క్లాసులో చదివి పరిష్కరించమని ఇచ్చే ఒక కంపెనీ సమస్యలో, హబ్ ఎందుకు కుంటుతోందో చదవగానే తెలిసిపోయి, జవాబు ఒక పేరాలో రాసేశాను. తిరిగొచ్చిన పేపర్ మీద ఎర్ర సిరాతో ఒకటే మాట: "ఎలా తెలుసు?" ఆ ప్రశ్న న్యాయమైనది. షిఫ్టులో మన నిర్ణయాన్ని ఎవరూ అంత వివరంగా అడగరు కాబట్టి ఆ మధ్య మెట్లు చెప్పడం మనకు అలవాటు తప్పింది.

ఇలా రాయండి: కేసులో కనిపిస్తున్న ఆధారం ఏది, దానికి ఏ పద్ధతి సరిపోతుంది, లెక్క ఏం చెప్పింది, ఇంకో రెండు మార్గాలు ఏవి, వాటిని ఎందుకు వదిలేశారు. ఆ తర్వాత మీ అనుభవం నాలుగు వాక్యాల్లో. మీరు చెప్పే విషయం అదే ఉంటుంది, చదివేవాళ్ళు దాన్ని సరిచూసుకోగలుగుతారు.

## షిఫ్టులు, ఇల్లు, చదువు

పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చి ఎప్పుడు చదవాలి?

ఇంటికొచ్చాక చదువుతాననే ప్లాన్ చాలామందికి మూడో వారానికే కూలిపోతుంది, నాకూ కూలిపోయింది. నాకు పనికొచ్చింది షిఫ్టుకు ముందు నలభై నిమిషాలు. ఇంకా స్నానం కూడా కాకముందే, ఫోన్ వేరే గదిలో పెట్టి కూర్చునేవాణ్ణి. వారాంతపు సెలవులో ఒక పూట పూర్తిగా చదువుకు, ఇంకో పూట పూర్తిగా ఇంటివాళ్ళకు. రెండింటినీ కలిపితే రెండూ పాడవుతాయి.

సేల్ సీజన్ ఎప్పుడొస్తుందో మీకు ముందే తెలుసు. క్యాలెండర్‌లో ఆ వారాలు మొదట కొట్టేసి, సబ్మిషన్లు అంతకుముందే ఇచ్చేయండి, ఆ సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు తక్కువ తీసుకోవడానికి వీలుంటే తీసుకోండి. నైట్ షిఫ్టు చేసిన పొద్దున పరీక్ష ఉంటే ముందురోజు షిఫ్టు మార్పించుకోండి. నిద్ర లేకుండా బండి నడిపి పరీక్షకు వెళ్ళొద్దు, మన పనిలో ఉన్నవాళ్ళకు ఆ ప్రమాదం గురించి నేను వేరే చెప్పాలా.

చదువుతున్నట్టు ఆఫీసులో చెప్పాలా, దాచాలా?

మీ మేనేజర్‌గారికి చెప్పండి. షిఫ్టు మార్పులు, పరీక్షల సెలవులు అడగాల్సి వస్తుంది, అప్పుడు కొత్తగా చెబితే మానేసే ఆలోచనలో ఉన్నారనుకుంటారు. చెప్పేటప్పుడే హబ్‌లో ఒక సమస్యను ప్రాజెక్టుగా తీసుకుంటానని అడిగితే వాళ్ళకూ ఉపయోగం కనిపిస్తుంది.

## చదువు పూర్తయ్యాక

ఎలాంటి ఉద్యోగాలు వస్తాయి?

ఏరియా లేదా ఆపరేషన్స్ మేనేజర్, నెట్‌వర్క్ ప్లానింగ్, వేర్‌హౌస్ మేనేజ్‌మెంట్, కొనుగోళ్ళ విభాగం, ట్రాన్స్‌పోర్ట్ వెండర్లను చూసుకునే పని, కస్టమర్ సర్వీస్ ఆపరేషన్స్, డెలివరీ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ప్రోడక్ట్ లేదా ఇంప్లిమెంటేషన్ పని. చివరిది చాలామందికి తట్టదు. స్క్రీన్ మీద ఒక బటన్ తప్పుచోట ఉంటే వానలో చేతి తొడుగులతో ఉన్న రైడర్ ఎంత ఇబ్బంది పడతాడో తెలిసినవాళ్ళు ఆ టీముల్లో ఉండాలి. డిగ్రీ రాగానే హోదా దానంతటదే మారదు, చదువు నడుస్తుండగానే ఆ పనుల్లో ఏదైనా చేయి పెట్టి ఉంటే మార్పు త్వరగా వస్తుంది.

సొంతంగా డెలివరీ ఏజెన్సీ పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ పని తెలుసన్న ధైర్యంతో మాత్రమే దిగకండి. ఈ వ్యాపారంలో మునిగేది ఎక్కువగా డబ్బు వచ్చే తేదీకీ ఇచ్చే తేదీకీ మధ్య. రైడర్లకు వారం వారం ఇవ్వాలి, ఇంధనం రోజూ, బిల్లు మాత్రం 45 రోజులకు వస్తుందనుకోండి. అంటే ఆరు వారాలకు పైగా మొత్తం ఖర్చు మీ చేతిలోంచి నడవాలి. పని రెట్టింపైతే ఆ మొత్తం కూడా ఇంచుమించు రెట్టింపవుతుంది, కాగితం మీద లాభం ఉండగానే జీతాలకు డబ్బుండదు. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు పదమూడు వారాల నగదు పట్టిక వేసుకోండి, ఏ వారం చివర మిగులు సున్నా కిందకు పోతుందో చూసి, అంతకు సరిపడా మూలధనం చేతిలో ఉంటేనే ముందుకు వెళ్ళండి. ఒకే కంపెనీ నుంచి మొత్తం పని తీసుకుంటే వాళ్ళు రేటు తగ్గించినరోజు మీరు కాదనలేరు, అదీ చూసుకోండి.

మా హబ్‌లో తెలివైన రైడర్ ఉన్నాడు. అతన్ని చదువు వైపు ఎలా తేవాలి?

ముందే కోర్సు పేర్లు చెబితే బెదిరిపోతారు. నేను చేసేది ఏమిటంటే, వారానికి ఒకరోజు సాయంత్రం క్లోజింగ్ షీటు అతని చేతికిస్తాను. ఎన్ని తిరిగొచ్చాయి, ఎందుకని లెక్కేయమంటాను, పక్కనే కూర్చుంటాను గానీ పెన్ను పట్టుకోను. ఒకబ్బాయి మూడో వారంలో తలెత్తి, "అన్నా, తిరిగొచ్చినవాటిలో సగం రెండు అపార్ట్‌మెంట్లవే, అక్కడికి పొద్దున కాకుండా సాయంత్రం వెళ్తే?" అన్నాడు. మర్నాడు ఆ రూటు మార్చి చూశాం, రిటర్న్స్ ర్యాకులో కింది అర మొత్తం ఖాళీగా ఉంది. అతను ఈ ఏడాది డిగ్రీలో చేరాడు, శనివారం షిఫ్టు మార్పించమని అడిగాడు, రోస్టర్‌లో మార్చాం.